ఖోన్సు నెత్తిన నెలవంక

తలుపు మీద సీలు చెక్కుచెదరలేదు. లోపల దేవుడి నెత్తిన మాత్రం చంద్రుడు లేడు.

వాసెత్ నగరంలో, ఖోన్సు గుడిలో, నెల రెండో రోజు తెల్లవారుతూనే బయటపడిన సంగతి ఇది. ఖోన్సు అంటే చంద్రుడే. రోజులు లెక్కపెట్టేవాడు, రోగాలు కుదిర్చేవాడు, ఎవరి ఆయుష్షు ఎంతో తేల్చేవాడు. ఆయన విగ్రహం నెత్తిన వెండి నెలవంక, దాని ఒళ్ళో నిండు బింబం. మా దేశంలో బంగారం కొండల్లో దొరుకుతుంది. వెండి ఓడలెక్కి రావాలి. ఆ వెండే పోయింది.

పగలు మూడో గంటకల్లా దొంగ దొరికాడన్నారు. పట్టుకున్నది సాక్షాత్తూ దేవుడే.

విగ్రహాన్ని చిన్న పడవలో పెట్టి, పూజారులు ఆ పడవను భుజాలకెత్తుకున్నారు. ఒక్కొక్కరి పేరే చదివారు. కాదంటే దేవుడు వెనక్కి జరుగుతాడు. అవునంటే ముందుకొస్తాడు. నెబ్రే పేరు చదవగానే పడవ మూడడుగులు ముందుకొచ్చింది.

నెబ్రే ఈ నెల గుడి డ్యూటీకి వచ్చిన జట్టుకు పెద్ద. గర్భగుడి తలుపు మీద ఉన్న సీలు అతని ఉంగరానిదే. ఇంకేం కావాలి? సూర్యాస్తమయానికి ముక్కు, చెవులు కోసి గనుల్లోకి పంపమని ప్రధాన పూజారి తీర్పు చెప్పేశాడు.

ఆ తర్వాతే తురోకి కబురు పెట్టారు. దొంగ కోసం కాదు, వెండి ఎక్కడుందో వెతకడానికి.

తురో మెజాయ్ దళపతి. అంటే మా ఊరి పోలీసు పెద్ద. యాభై దాటిన మనిషి, ఎడమ మోకాలు పట్టేసింది. ఎవరేం చెప్పినా ఒక కన్ను మూసి వింటాడు. పెళ్ళాం కూర బావుందా అని అడిగినా అలాగే చూస్తాడని మా వీధిలో చెప్పుకుంటారు.

గుడి ముంగిట్లోనే ఒకావిడ ఆయనకు అడ్డంపడింది. నెబ్రే భార్య వెర్నురో.

"అయ్యా, మా ఆయన దొంగ కాదయ్యా! తన కాలు తొక్కినవాడికే క్షమించమని చెప్పే మనిషి!"

"అందరి పెళ్ళాలూ ఇదే అంటారమ్మా. లే."

"ఖోన్సు మీద ఒట్టు!"

"ఆ ఖోన్సేగా మీ ఆయన్ని పట్టిచ్చింది."

ఆవిడ ఏడుస్తూనే దారి వదిలింది. తురో కుంటుకుంటూ లోపలికి నడిచాడు.

నెబ్రేని ధాన్యం కొట్లో కట్టేశారు. నున్నగా గొరిగిన తల, బక్క మనిషి.

"నిన్న సీలు వేసింది నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడు?"

"పొద్దున మొదటి గంటలో. పాత జట్టు అప్పగించగానే."

"మళ్ళీ తెరిచింది?"

"ఇవాళ తెల్లవారాక. గర్భగుడి తెరిచేది రోజుకొక్కసారే."

"నిన్న సీలు వేసేముందు లోపలికెళ్ళి దేవుణ్ణి చూశావా?"

"చూ... చూశాను."

"నెత్తిన చంద్రుడున్నాడా?"

"ఉండే ఉంటాడు."

"ఉండే ఉంటాడేమిటయ్యా! చూసినవాడు ఉన్నాడంటాడు, లేదంటే లేడంటాడు."

నెబ్రే నేల చూపులు చూశాడు.

"సాయంత్రానికి నీ ముక్కు పోతుంది. తెలుసా?"

"చెప్పినా పోయేదేగా" అని గొణిగాడు నెబ్రే. ఆపైన ఎంత గద్దించినా నోరు విప్పలేదు. వీడు ఏదో దాస్తున్నాడు, అయితే అది వెండి కాదు అనిపించింది తురోకి.

పాత జట్టు పెద్ద పేరు కహా. నిన్న డ్యూటీ దిగి ఇంటికెళ్ళాడు, పొద్దున దేవుడి పడవ మొయ్యడానికి మళ్ళీ వచ్చాడు. గుండ్రటి మొహం. మాట తేనెలో ముంచినట్టు ఉంటుంది.

"పాపం నెబ్రే! మంచివాడండీ. ఏం బుద్ధి పుట్టిందో!"

"నిన్న అతన్ని లోపలికి తీసుకెళ్ళి అన్నీ చూపించారా?"

"ఒక్కొక్కటీ చూపించాను."

"పడవ మోసేటప్పుడు మీరెక్కడున్నారు?"

"ముందు, కుడివైపు, కుడి భుజం మీద. అది నెబ్రే చోటు. సీలు అతనిదని అతన్ని పక్కన నిలబెట్టారు కదా, పుణ్యమొస్తుందని నేను పట్టాను."

"దేవుడు గట్టిగా లాగాడా?"

"భుజం ఊడొచ్చిందనుకోండి!"

తురో ఒక కన్ను మూశాడు. కహా మెడ రుద్దుకున్నాడు. అతను రుద్దుకున్నది ఎడమవైపు.

ద్వారం దగ్గర కాపలావాళ్ళు ఒకటే మాట చెప్పారు. బయటికెళ్ళే ప్రతివాణ్ణీ, కహాతో సహా, బట్టలు విప్పించి వెతికారు. అంటే వెండి ఇంకా గుళ్ళోనే ఉంది.

తురో మెట్లెక్కి గుడి కప్పు మీదికి వెళ్ళాడు. అక్కడ ఉండేవాడు ఇపుకి. గంటలు చెప్పే పూజారి. పగలు నీడను బట్టి, చీకటి పడ్డాక నీళ్ళ గడియారాన్ని బట్టి గంటలు చెబుతాడు. అన్నిటికన్నా పెద్ద పని ఇంకొకటుంది. నెలాఖరున తెల్లవారుజామున తూర్పుకేసి చూసి, అరిగిపోయిన చంద్రుడు ఇక కనపడలేదని కేకెయ్యాలి. ఆ కేకతోనే కొత్త నెల మొదలవుతుంది, జట్లు మారతాయి.

"నిన్న తెల్లవారుజామున చంద్రుడు లేడా?"

"లేడు."

"ఇరవై తొమ్మిది రోజులకే? పోయిన నెల కూడా ఇరవై తొమ్మిదే. ఈసారి ముప్పై అనుకున్నారట జనం."

"జనం సవాలక్ష అనుకుంటారు. చంద్రుడు నన్నడిగి చస్తాడా?"

"మీతోపాటు ఇంకెవరైనా చూశారా?"

"ఇంకెవరు చూడాలి? నా కళ్ళ మీద నీకు అనుమానమా?"

"నాకు నా కళ్ళ మీదే అనుమానం స్వామీ. ఊరికే అడిగాను."

మోకాలు సలుపుతుంటే తురో పక్కనున్న రాతి గంగాళం మీద చెయ్యి ఆనించబోయాడు. గుడ్డ కప్పిన నీళ్ళ గడియారం అది.

"ముట్టుకోకు! మైలపడుతుంది!" ఇపుకి గభాలున అడ్డొచ్చాడు.

మెట్లు దిగుతుంటే తురో నెత్తి మీద ఠప్పుమని ఖర్జూరపు గింజ పడింది. మెట్ల పక్క బోనులో గుడి కొండముచ్చు పళ్ళికిలిస్తోంది. ఖోన్సుకి ప్రీతిపాత్రమైన జంతువు. దాన్ని సాకే ముసలి తెతీ దాన్ని దొర అని పిలుస్తాడు.

"ఏంటి తాతా, దొరగారికి నామీద ఇంత కోపం?"

"ఆకలి బాబూ. ఇవాళ ఉపవాసం. నెల మొదటి రోజు దేవుడే కనపడడు కదా, దొర కూడా ఏం ముట్టకూడదు. అది ఆచారం."

బోను నిండా అంజూర తొడిమలు, నిన్నటివి, ఎండిపోయి ఉన్నాయి. తురో నెత్తి తుడుచుకుని నవ్వుతూ వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయినందుకు తర్వాత తనను తానే తిట్టుకున్నాడు.

పగలు ఎనిమిదో గంటకు వెర్నురో మళ్ళీ ఎదురుపడింది. ఈసారి ఏడవలేదు.

"అయ్యా, ఆయన చెప్పొద్దన్నాడు. చెప్తే దైవద్రోహమవుతుందట. కానీ ఆయన ముక్కు పోతుంటే నేను గమ్మునుండలేను. మొన్న సాయంత్రం నేను చేప వండాను."

"చేపా?"

"డ్యూటీ ఎక్కితే నెలంతా చేప ముట్టకూడదు కదండీ. ఈయనకి చేపంటే ప్రాణం. అందుకని ప్రతిసారీ డ్యూటీకి రెండు రోజుల ముందు వండి పెడతాను. తిన్నాక ఒక రోజంతా స్నానాలు, శుద్ధి. నెల ఇవాళ మొదలవుతుందనుకున్నాం. శుద్ధికి నిన్నటి రోజంతా ఉందిగా అని కడుపారా తిన్నాడు. తీరా నిన్న తెల్లారకుండానే కేక పడింది!"

"కడుపులో చేపతో గర్భగుడిలోకి ఎలా వెళ్ళాడు?"

"వెళ్ళలేదు! అదే ఆయన బాధ. గుమ్మం బయటే నిలబడి సీలు వేశాడు."

"కహా ఊరుకున్నాడా?"

"నువ్వు లోపలికి రానక్కర్లేదులే, నేను చూసొచ్చాను, అన్నీ ఉన్నాయి అన్నాడట. ఎంత మంచివాడో అని మురిసిపోయాం."

"మీ చేప సంగతి అతనికి తెలుసా?"

"తెలియకేం! మా పక్కిల్లే. మా కూర ఉడికితే వాళ్ళింట్లో తుమ్ములొస్తాయి."

తురో రెండు కళ్ళూ తెరిచాడు. నెబ్రే లోపలికి వెళ్ళలేని రోజు నెలకు ఒక్కటే. సరిగ్గా ఆ రోజే చంద్రుడు చచ్చిపోయాడు. ఎంత అనుకూలమైన చావు!

అప్పుడు గుర్తొచ్చింది. దొరకి ఇవాళ ఉపవాసం. నెల మొదటి రోజు నిన్న కదా?

మోకాలి సంగతి మర్చిపోయి పరిగెత్తాడు.

"తాతా! ఇవాళ నెలలో ఎన్నో రోజు?"

"రెండు... అంటున్నారు."

"మరి ఉపవాసం ఇవాళెందుకు? నిన్న వీడికి అంజూరపళ్ళు ఎందుకు పెట్టావు?"

తెతీ చీపురు గోడకు ఆనించి చుట్టూ చూశాడు.

"చూశాను బాబూ" అన్నాడు. "నిన్న తెల్లారగట్ల. తూర్పు కొండ మీద, గోరు తీసి పారేసినంత సన్నగా ఉన్నాడు. ఎప్పుడూ నా కళ్ళతో చూశాకే దొరకి తిండి పెడతాను. పెట్టాక పైనుంచి కేక పడింది, లేడని. ఆయన గంటల పూజారి. నేను పేడ ఎత్తేవాణ్ణి. నామాట ఎవడు వింటాడు? నోరు మూసుకున్నాను. ఇవాళ నిజంగానే కనపడలేదు. ఉపవాసం తప్పించడానికి మాత్రం మనసొప్పలేదు. దేవుడి పని కదా."

"ఇదే మాట అందరి ముందూ చెప్తావా?"

"నా ముక్కు కూడా కోస్తారేమో బాబూ."

"నెబ్రే ముక్కు మాత్రం మొలుస్తుందా తాతా?"

తెతీ దొర వీపు నిమురుతూ కూర్చుండిపోయాడు.

సూర్యుడు పడమటి కొండల్ని తాకే వేళకు తురో అందర్నీ కప్పు మీదికి రప్పించాడు. ప్రధాన పూజారి, కహా, ఇపుకి, చేతులు కట్టేసిన నెబ్రే, వెర్నురో. కింద ముంగిట్లో తలారి కత్తి నూరుకుంటున్నాడు. ఆ చప్పుడు పైకి వినిపిస్తూనే ఉంది.

"స్వామీ, చంద్రుడు నిన్న చచ్చిపోయి ఉంటే మామూలుగా ఇవాళ పడమట నెలవంక పొడవాలి" అన్నాడు తురో. "చూద్దాం."

అందరూ పడమటికి తిరిగారు. సూర్యుడు దిగిపోయాడు. ఆకాశం ఎర్రబడింది, తేటపడింది. నెలవంక లేదు.

"దుమ్ము" అన్నాడు ఇపుకి. "పైగా ఒక్కో నెల ఒకరోజు ఆలస్యమవుతుంది."

"అవుతుంది, ఒప్పుకుంటాను. అందుకే సాక్షిని పిలిచాను."

మెట్ల దగ్గర అలికిడి అయింది. తెతీ వచ్చాడు. ఒక చేతిలో దొర చెయ్యి, రెండో చేతిలో ఎండిన అంజూర తొడిమలు. అవి ప్రధాన పూజారి కాళ్ళ దగ్గర పెట్టాడు. నిన్న చంద్రుణ్ణి చూశానన్నాడు.

"కోతుల కాపరి మాటా మీరు వినేది?" ఇపుకి కస్సుమన్నాడు.

"కాపరి నిన్న ఈ కేసు గురించి కలగనలేదు స్వామీ" అన్నాడు తురో. "ఇవాళ పొద్దున కూడా నేనడక్కుండానే ఉపవాసమన్నాడు. దొర ఆకలికి నా నెత్తే సాక్ష్యం."

తర్వాత చకచకా చెప్పుకుపోయాడు. నిన్న తెల్లవారగానే, అప్పగింతకు ముందు, పూజకు కహా ఒక్కడే లోపలికెళ్ళాడు. వెండి తీసి ఈ మెట్ల మీదుగా పైకి చేర్చాడు. మామూలుగా అప్పగిస్తే కొత్తవాడు దేవుడి మొహం చూస్తాడు, దొంగతనం బయటపడుతుంది. చూడలేనివాడు కావాలి. డ్యూటీకి రెండు రోజుల ముందు పక్కింటి చేప వాసన కహా ముక్కుకు ఎప్పట్నుంచో తెలిసిందే. ఇక కావలసింది ఒక్క అబద్ధపు కేక.

"మరి దేవుడు నెబ్రే పేరుకి ముందుకొచ్చాడే?" అన్నాడు ప్రధాన పూజారి.

"దేవుడు రాలేదు స్వామీ. కహా వచ్చాడు. కుడి భుజంతో మోసి, దేవుడు లాగాడన్న మనిషి ఎడమ మెడ రుద్దుకున్నాడు, అంటే ఆ లాగుడు ఉత్త నటన."

కహా చెయ్యి మళ్ళీ మెడ మీదికి వెళ్ళబోయి మధ్యలో ఆగిపోయింది.

"వెండి ఏది?"

"ద్వారం దాటలేదు. ఇపుకి నిన్నట్నుంచి కప్పు దిగలేదు. ఈ గుడి మొత్తంలో ఇంకెవరూ ముట్టుకోకూడని పాత్ర ఒక్కటే. నేను ముట్టుకుంటే మైల. మీరు చెయ్యి పెట్టి చూడండి."

ప్రధాన పూజారి గుడ్డ తీశాడు. గంగాళంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి వచ్చేసరికి అందులో నెలవంక ఉంది, నీళ్ళు కారుతూ, దాని ఒళ్ళో నిండు బింబం.

"సగం ఇస్తానన్నాడు! వీడే ఇస్తానన్నాడు!" అని ఇపుకి కహా మీద పడ్డాడు. మెజాయ్‌లు ఇద్దర్నీ విడదీసి కిందికి ఈడ్చుకుపోయారు. కత్తి చప్పుడు ఆగిపోయింది.

వెర్నురో మొగుడి కట్లు విప్పబోయింది. ప్రధాన పూజారి చెయ్యెత్తి ఆపాడు.

"దొంగతనం లేదు, సరే. కడుపులో చేపతో డ్యూటీ ఎక్కాడు. దానికీ శిక్ష ఉంది."

ఆవిడ చెప్పి తప్పుచేశానా అన్నట్టు తురో వైపు చూసింది.

"ఎప్పుడెక్కాడు స్వామీ?" అన్నాడు తురో తాపీగా. "నిన్నటి కేక అబద్ధమైతే నిన్న పాత నెలే. నెబ్రేకి సెలవు రోజు. కొత్త నెల మొదలైంది ఇవాళ. దొరనడగండి, చెప్తాడు. ఇవాళ నెబ్రే స్నానం, శుద్ధి అన్నీ చేసుకునే తలుపు తీశాడు. నిన్న వేసిన సీలంటారా, చూడకుండా వేసిన మాట నిజం. దానికి నాలుగు తిట్లు తిట్టండి."

ప్రధాన పూజారి వెండి నెలవంక కేసి చూశాడు, ఎండిన తొడిమల కేసి చూశాడు.

"ఇక నుంచి తెల్లవారుజామున ఇద్దరు చూడాలి" అన్నాడు. "రెండోవాడు తెతీ."

తెతీ నమ్మలేనట్టు దొర వంక చూశాడు. దొర తురో వంక చూసి పళ్ళికిలించాడు. తురో ఎందుకైనా మంచిదని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

కట్లు విప్పగానే నెబ్రే, "ఇక జన్మలో చేప తిననే" అన్నాడు.

"నోర్ముయ్. వచ్చే నెల నేనే వండుతా" అంది వెర్నురో. రెండు వేళ్ళతో అతని ముక్కు పట్టుకుని అటూ ఇటూ ఊపింది. ఊపుతూనే భోరుమని ఏడ్చేసింది, ముక్కు మాత్రం వదల్లేదు.