డాన్ చేమాకు తోడు

"ఇక చేపను అమ్మను," అంది ఇలియానా.

"నేనింకా ఏమీ అడగలేదు మేడమ్," అన్నాడు విల్మెర్.

"శనివారం పది గంటలకు వచ్చారు. చేతిలో ఖాళీ కవరు, ముఖంలో చావు కబురు. ఇంకేం అడుగుతారు?"

మసాయా ఊరి మార్కెట్లో, చెప్పుల దుకాణానికీ మిక్సీలు బాగుచేసే షాపుకీ మధ్య ఉన్న ఆ అక్వేరియం కొట్లో ఇలియానా మూడేళ్లుగా పనిచేస్తోంది. ఇంతగా విసిగించిన మనిషి ఇంకొకడు తగల్లేదు. ఇది అయిదో శనివారం.

విల్మెర్ ఊయలలు అల్లుతాడు. అతనింట్లో ఒక గ్వాపోతె చేప ఉంది. మూరెడు పొడవు, ఒళ్లంతా చిరుత మచ్చలు, నోరు తెరిస్తే పిడికిలి పడుతుంది. పేరు డాన్ చేమా. మూతపడిన హోటలు నుంచి తెచ్చిన గోడంత గాజు తొట్టిలో ఒక్కటే తిరుగుతుంది. దానికి తోడు కావాలని విల్మెర్ పట్టు.

"మొదటిది ఏమైంది?"

"కళ్లు తినేశాడు."

"రెండోది?"

"తోక నుంచి మొదలుపెట్టాడు."

"మూడోది?"

"మింగేశాడు. నాలుగోది తనే బయటికి దూకేసింది మేడమ్. తెలివైనది."

ఇలియానాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా చిరాకేసింది.

"కొత్త చేపను ఎలా వదులుతారు?"

"మెల్లగా. పరిచయం చేసి."

"పరిచయమా?"

"'చేమా, ఈమె ఫలానా, మర్యాదగా ఉండు' అని చెప్తాను."

ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "లోపలి రాళ్లూ అవీ కదిలించారా?"

"అమ్మో. అవి మా అమ్మ సర్దింది. మధ్యలో మట్టి కుండ కూడా ఆమెదే. అంగుళం జరిపినా ఊరుకోదు."

"అదీ సంగతి. ఆ కుండ అక్కడున్నన్నాళ్లూ తొట్టంతా ఆయనదే, వచ్చినవాళ్లంతా దొంగలే. అన్నీ మార్చాలి. పాతవాడికి కూడా ఇల్లు కొత్తగా కనపడాలి. అప్పుడే ఇద్దరూ సమానం."

"ఆ మాట మీరొచ్చి మా అమ్మతో చెప్తారా?"

చెప్పదు. వాళ్లమ్మ దోన్య అంపారో సంగతి మార్కెట్లో తెలియనిదెవరికి? విల్మెర్ ఇదివరకు ఇద్దరమ్మాయిల్ని ఇంటికి ఆదివారం భోజనానికి పిలిచాడు. ఒకామె కాఫీ డబ్బా ఒక అరలోంచి ఇంకో అరలో పెట్టింది. రెండో ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఇద్దరూ రెండో ఆదివారం చూడలేదు.

ఆ వారమే ఇలియానా నెత్తిన పిడుగు పడింది.

ఆమె గదిలో చిల్తోమ అనే ఎర్ర మొహర్రా చేప ఉంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఇలియానా. చివరి ఏడాది ల్యాబులో పారబోయబోతున్న వేలెడంత చేపపిల్లను నీళ్ల సీసాలో తెచ్చుకుంది. అది ఇప్పుడు రెండు జానలైంది. దాని మూతి దెబ్బలకు పాత తొట్టి పగిలి, నీళ్లు కింది వాటాలోకి కారాయి.

"చేపో గదో తేల్చుకో," అంది ఇంటావిడ. "మాంసం మాని చేపలు తినే పవిత్ర వారం వస్తోంది. తేల్చుకోలేకపోతే నా పెనం ఉంది."

అంత చేప పట్టే తొట్టి ఊళ్లో ఒక్కటే ఉంది. నాలుగు చేపల్ని చంపించిన మనిషి దగ్గరే చెయ్యి చాపాల్సి వచ్చింది. దారి పొడుగునా తనను తనే తిట్టుకుంటూ వెళ్లింది.

విల్మెర్ ఎగతాళి చెయ్యలేదు. వసారాలో కూర్చుని రంగు వెయ్యని నైలాను తాడు తీశాడు. "మధ్యలో వల కడతాను. ఒకరినొకరు చూసుకోవాలి, కొరుక్కోకూడదు. అంతేగా?"

సాయంత్రానికి అల్లేశాడు. ఆమె కన్నంలో రెండు వేళ్లు పెట్టి చూసింది. "చేమా మూతి దూరుతుంది."

ముడులన్నీ విప్పాడు. మళ్లీ అల్లాడు.

"నీళ్లు ఆడవు," అంది.

మళ్లీ విప్పాడు. మూడోసారి ఆమెకు వంక దొరకలేదు. అదీ చిరాకే.

ఇక మిగిలింది కుండ. దోన్య అంపారో ఊగుడు కుర్చీలోంచి అంతా చూస్తూనే ఉంది.

"నా కుండ ముట్టేదెవరు?"

"నేనేనండీ," అంది ఇలియానా. "ముట్టకపోతే నా చేప చస్తుంది. దానికి వేరే చోటు లేదు."

కుర్చీ ఆగింది. విల్మెర్ గోడకు అంటుకుపోయాడు.

"పగలగొట్టకు," అంది దోన్య అంపారో. కుర్చీ మళ్లీ ఊగింది. ఇలియానా కుండనూ రాళ్లనూ కొత్త చోట్లకు మార్చి, చిల్తోమను వలకు ఇవతల వదిలింది.

మూడు వారాలు ఇలియానా రోజూ కొట్టు కట్టేసి అక్కడికే వెళ్లింది. వలకు అటు డాన్ చేమా రెక్కలు విప్పి బుసలు కొట్టేవాడు. ఇటు చిల్తోమ లావు పెదాలతో వల మీద గుద్దేది.

"వీళ్లకు పడదేమో," అన్నాడు విల్మెర్ ఒకరోజు.

"మీ నోట ఆశ పుట్టించే మాట ఒక్కటి రాదా?"

"మీ చొక్కా బావుంది."

"అది చేప గురించి కాదు."

"కాదు," అని ఒప్పుకున్నాడు.

పవిత్ర వారానికి ముందు శనివారం వల తీశారు. తీసే ముందు ఇలియానా కుండనూ రాళ్లనూ మళ్లీ మార్చింది. డాన్ చేమా దూసుకొచ్చాడు. రెండు చేపలూ మూతీ మూతీ పట్టుకుని గిరగిరా తిరిగాయి. ఒక ఎర్ర పొలుసు రాలి నీళ్లలో తేలింది. ఇలియానా విల్మెర్ ముంజేయి పట్టుకున్న సంగతి ఆమెకే తెలియదు.

ఉన్నట్టుండి డాన్ చేమా వదిలేశాడు. వెనక్కి వెళ్లి తన కుండ వెతుక్కున్నాడు. అది అక్కడ లేదు. చిన్నబుచ్చుకున్న పెద్దమనిషిలా ఓ మూల రాయి చుట్టూ తిరిగి, చివరికి దాని వెనకే ఉండిపోయాడు. కుండలో చిల్తోమ దూరింది.

"మీ చేప మా అమ్మ కుండ ఆక్రమించింది," అన్నాడు విల్మెర్. తర్వాత ఖాళీగా ఉన్న చేత్తో తడి వలను అనవసరంగా మడత పెట్టాడు. "ఇక మీరు రోజూ రానక్కర్లేదు."

"అవును."

"మొదటి శనివారం నేను చేప కోసం రాలేదు. మిమ్మల్ని చూశాను, ఏం అడగాలో తోచక చేపనడిగాను."

"తర్వాత నాలుగు శనివారాలు?"

"అప్పుడూ తోచలేదు."

ఇలియానాకు ఒళ్లు మండింది. "నోరు తెరిచి ఆ ఒక్క ముక్క మొదటి రోజే అని ఉంటే నాలుగు ప్రాణాలు దక్కేవి. ఎలాంటి మనిషివి నువ్వు?"

నువ్వు అన్నానని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. అతను అప్పటికే నవ్వుతున్నాడు. ఆమె చెయ్యి ఇంకా అతని ముంజేతి మీదే ఉంది. తియ్యలేదు.

"రేపు ఆదివారం," ఊగుడు కుర్చీలోంచి వినపడింది. "నకతమాల్ చేస్తున్నా. ఆ పిల్లను తొమ్మిదికి రమ్మను."

ఇలియానాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. కాఫీ డబ్బా ముట్టకూడదు, కుర్చీ జరపకూడదు అని వల్లెవేసుకుంటూ తొమ్మిదికల్లా వెళ్లింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల కిటికీ దగ్గరకు వచ్చేసింది. ఊగుడు కుర్చీ పెరట్లో ఉంది. కాఫీ డబ్బా ఫ్రిజ్ మీదకెక్కింది. విల్మెర్ ఎక్కడో గుద్దుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు. అరటాకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి నకతమాల్ పొగలు కక్కుతోంది.

దోన్య అంపారో వంటింట్లో ధడాధడా సొరుగులు లాగుతోంది. "పొద్దుట్నించీ చెంచాల కోసం చస్తున్నా. నేనే మార్చాను, నాకే దొరకవు."

"ఎందుకు మార్చారండీ?"

ఆవిడ వెనక్కి తిరిగి విసుగ్గా చూసింది.

"చేపలకు చెప్పిందానివి, నన్నడుగుతావేం? నాకూ ఇల్లు కొత్తే ఇవాళ. నువ్వా సొరుగులు చూడు, నేనీ సొరుగులు చూస్తా."

ఇలియానా సంచి కుర్చీ మీద పడేసి, కుర్చీని పక్కకు జరిపి, మొదటి సొరుగు లాగింది.