ఏరు దాటిన బండి

"బండి తెచ్చారు సరే, రోడ్డేదండీ?"

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట అదే. వందనాలు లేవు, మంచినీళ్ళు కావాలా అని అడగడమూ లేదు.

వ్యాను దిగి చూశాను. ఎదురుగా ఏరు. దాని మీద మనిషి వెనక మనిషి మాత్రమే నడవగల తాళ్ళ వంతెన. అవతల కొండ, మేకలు కూడా ఒకసారి ఆలోచించుకుని ఎక్కే కాలిబాట. నా వెనక వ్యానులో కొత్త మోటార్ సైకిలు. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయనేలేదు.

ఇందులో నా తప్పేం లేదని ముందే చెప్పేస్తున్నాను. నేను మిషన్ ఆఫీసులో మెకానిక్కుని, డ్రైవర్ని కూడా. ఎక్కడో సముద్రాల అవతలి సంఘాలవాళ్ళు, ఇక్కడ కాలినడకన ఊళ్ళు తిరిగే పాస్టర్లకి బండ్లు కొనిస్తుంటారు. అవి తీసుకెళ్ళి అప్పగించడం, నడపడం నేర్పడం నా ఉద్యోగం. మా సెక్రటరీ గారు గోడ మీది మ్యాపులో వేలు పెట్టి ఇక్కడికి పొమ్మన్నారు, వచ్చాను.

"మ్యాపులో రోడ్డు ఉందండీ," అన్నాను.

"అయితే మ్యాపు మీదే నడుపుకోండి," అంది.

నాకు చుర్రుమంది. కానీ ఏం లాభం, ఆ మాట అనేసి ఆమె నవ్వింది. ఆ నవ్వు ముందు నా కోపం నిలబడలేదు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆమె గొడుగు తెరిచి నాకు పట్టలేదు, బండికి పట్టింది.

"పాపం, కొత్తది కదా!"

అంతలో వంతెన మీద ఒక పెద్దాయన కనిపించారు. చేతికర్ర, భుజాన సంచీ. కుడి మోకాలు వంగడం లేదు. ఆమె గొడుగు నా చేతిలో పెట్టి పరిగెత్తి, ఆయనకి చెయ్యి అందించింది. ఆయనే పాస్టరు గారు, ఆమె తండ్రి. కొండ మీది ఊళ్ళన్నిటికీ అయ్యగారు.

అయ్యగారు వచ్చి బండి ట్యాంకు మీద చెయ్యి వేశారు. "ఇది నాకా, బాబూ?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు.

"మీకే అయ్యగారూ. కానీ అవతలికి వెళ్ళే దారి లేదు. వెనక్కి తీసుకుపోక తప్పదేమో."

"వద్దు బాబూ. మన ముఖం కూడా చూడనివాళ్ళు కడుపు కట్టుకుని పంపించి ఉంటారు. వెనక్కి పంపితే వాళ్ళ మనసు నొచ్చుకోదూ?"

ఆయన కబురు పంపినట్టున్నారు. మధ్యాహ్నానికి కొండ మీది నుంచి జనం దిగారు. ఆడా మగా, ముసలీ ముతకా. వెదుళ్ళు తెచ్చారు, తాళ్ళు తెచ్చారు. బండిని వెదుళ్ళకి కట్టి భుజాలకెత్తుకుని ఏట్లోకి దిగారు. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి.

"అద్దం జాగ్రత్త! సైలెన్సర్లోకి నీళ్ళు పోతాయి! ఎత్తండి, ఇంకా ఎత్తండి!" నేను ఒడ్డు మీద గంతులేస్తున్నాను.

"ఊరుకోండి," అంది అయ్యగారి అమ్మాయి. "మీరే గనక నీళ్ళలో పడితే ఎవరూ ఇంత జాగ్రత్తగా పట్టుకోరు."

అని తనూ నీళ్ళలోకి దిగి పాట ఎత్తుకుంది. స్తోత్రగీతం. జనమంతా అందుకున్నారు. పాట ఆగిన చోట అడుగు ఆగుతోంది, పాట సాగిన చోట అడుగు పడుతోంది. వాన జోరందుకుంది. ఏటి మధ్యలో నా బండి అందరి తలల కంటే ఎత్తున మెల్లగా కదులుతోంది.

నేను అరవడం మానేశాను. నేను ఆఫీసులో ప్రార్థనకి ఆలస్యంగా వెళ్ళి, వెనక బెంచీలో కునుకు తీసే రకాన్ని. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే తల మీది టోపీ తీసేశాను.

పక్కన తడిసి ముద్దయి నిలబడ్డ ఒక అవ్వని అడిగాను. "ఎందుకవ్వా మీకింత కష్టం?"

"కష్టమేంటయ్యా! మా ఇంట్లో జ్వరమొచ్చినా, చావొచ్చినా, ఈ వంతెన లేని రోజుల్లో ఆయన ఏరు ఈదుకుంటూ వచ్చాడు. ఆయన బండి మేం మొయ్యలేమా?" అంది.

మర్నాటి నుంచి ఏటి అవతల, కొండ కింద అయ్యగారి ఇంటి ముందు పాఠాలు. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. తాళం చేతికిచ్చే ముందు పాస్టరు గారు నా కళ్ళెదుట బండి మీద ఒక చుట్టు తిరగాలి. తిరగలేకపోతే బండి వెనక్కి. అంతటితో ఆగదు. ఆ పాస్టరుకి విశ్రాంతి ఇచ్చి, ఆ చోటుకి ఒక కుర్ర పాస్టర్ని పంపిస్తారు. ఈ రెండో సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు.

అయ్యగారు ఎక్కారు, పడ్డారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ పడ్డారు. కుడి కాలు బ్రేకు మీదికి వంగితే కదా! పడ్డ ప్రతిసారీ "బండికేం కాలేదు కదా బాబూ?" అని అడుగుతున్నారు.

ఆయన అలసి పడుకున్నప్పుడు అమ్మాయి వచ్చి బండి చుట్టూ తిరిగేది.

"నాకూ నేర్పుతారా?"

"నేర్పితే ఏమిస్తారు?"

"నీళ్ళలో పడితే పట్టుకుంటాను."

ఇంతకంటే మంచి బేరం నాకెవరిస్తారు? నేర్పాను.

"క్లచ్ మెల్లగా వదలండి."

"మెల్లగా అంటే?"

"ఇష్టమైనవాళ్ళ చెయ్యి వదిలినట్టు."

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. బండి టప్పున ఆగిపోయింది.

"మీరు పాఠం సరిగ్గా చెప్పడం లేదు," అంది, చెవుల దాకా ఎర్రబడి.

రెండో రోజు సాయంత్రం అయ్యగారు మోకాలికి తడిగుడ్డ చుట్టుకుంటూ నన్ను పిలిచారు. "బాబూ, దాచకుండా చెప్పు. నేను నడపలేకపోతే ఏమవుతుంది?"

ఆయన ముఖం చూసి అబద్ధమాడడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. వెనక చెంబు కింద పడిన చప్పుడైంది. గుమ్మంలో ఆమె.

"అంటే మా నాన్నని ఇక్కణ్ణుంచి పంపించెయ్యడానికి వచ్చారా? ఈ రెండు రోజులూ నవ్వుతూ, కబుర్లు చెబుతూ..."

"నేను ఉత్త మెకానిక్కునండీ. రూలు నాది కాదు."

"మెకానిక్కులు పాడైనవాటిని బాగు చేస్తారు. అవతల పారెయ్యరు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. ఆ రాత్రి అన్నం వదిలేసి లేచిపోయాను. అయ్యగారికి ఈ కొండ లేకుండా పోతుంది. నాకు ఆమె లేకుండా పోతుంది.

తెల్లవారగానే బండి చప్పుడైంది. ఉలిక్కిపడి బయటికి పరిగెత్తాను. ఆమె బండి మీద కూర్చుని ఉంది. తాళం నేను బండికే మరిచిపోయాను.

"నాన్నా, ఎక్కు."

"ఎక్కడికమ్మా?"

"పైఊరికి. ఆ ఊరి తాత మంచం పట్టాడు, నిన్ను చూడాలంటున్నాడు కదా. నీ కాళ్ళు నడవకపోతే నేను నడుపుతాను."

అయ్యగారు కర్ర పక్కన పెట్టి వెనక కూర్చున్నారు. నేను వద్దనలేదు, రమ్మని నన్నెవరూ పిలవలేదు. వెనకే పరిగెత్తాను.

కాలిబాట మొదట్లోనే నా కాళ్ళు ఆగిపోయాయి. అది నేను మొన్న చూసిన బాట కాదు. మేము పాఠాలు చెప్పుకుంటుంటే జనం పలుగూ పారా పట్టుకుని, బండి చక్రం పట్టేంత చదును చేసుకుంటూ పోయారు. దారి పొడుగునా అలాగే నిలబడి ఉన్నారు, చేతుల నిండా మట్టి. బండి దాటుతుంటే ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒక్కొక్కరే తలలు వంచారు. అయ్యగారు ప్రతి తలనీ చేత్తో తాకుతూ వెళ్ళారు.

రొప్పుతూ పైఊరు చేరేసరికి అయ్యగారు గుడిసె లోపల తాత మంచం పక్కన కూర్చున్నారు. తాత ఆయన చెయ్యి వదలడం లేదు.

"నడిచొచ్చావా అయ్యా?"

"లేదు పెద్దయ్యా. నా కూతురు తీసుకొచ్చింది."

అక్కడ ఫోను సిగ్నలు అందింది. సెక్రటరీ గారికి చేశాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి వింటోంది.

"ఏమయ్యా, ఆయన నడిపారా?"

"లేదు సార్, ఇక నడపలేరు. వాళ్ళమ్మాయి నడుపుతోంది, ఆయన వెనక కూర్చుంటున్నారు."

"అలాంటి పద్ధతి మనకి లేదే. బండి వెనక్కి తెచ్చెయ్."

"నా వల్ల కాదు సార్! దీన్ని ఊరు ఊరంతా భుజాల మీద ఏరు దాటించింది. వెనక్కి కావాలంటే మీరే వచ్చి మోసుకెళ్ళండి."

అనేశాక భయమేసింది. లోపల అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు, తాత గొంతు కలిపాడు, వాకిట్లో జనం కలిపారు. ఫోను అటు వైపు పట్టుకున్నాను. ప్రార్థన అయ్యాక సెక్రటరీ గారి గొంతు మెత్తగా వినిపించింది.

"తాళం ఇచ్చెయ్యవయ్యా."

బండికున్న తాళం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"రేపు వెళ్ళిపోతారా?"

"వెళ్ళి మళ్ళీ వస్తాను. ఈ చుట్టుపక్కల పాస్టర్ల బండ్లన్నిటికీ ఒక రిపేరు షెడ్డు కావాలి. ఏటి ఒడ్డున పెట్టనివ్వమని అడుగుతాను."

"షెడ్డు కోసమేనా?"

"కాదు. మీ కోసం. మీరంటే నాకు ఇష్టం. మీ వెంట ఈ ఊళ్ళన్నీ తిరగాలని ఉంది."

ఆమె తాళం వైపు చూస్తూ, నవ్వు బిగబట్టుకుని అంది. "బండి మీద ఇద్దరికే చోటు. నేను, నాన్న. మీరెక్కడ కూర్చుంటారు?"

"కూర్చోను. నడుస్తాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. గుమ్మంలోంచి అయ్యగారు అడిగారు. "ఎంత దూరం నడుస్తావు బాబూ?"

"మీరు నడిచినంత దూరం, అయ్యగారూ."

ఆయన వచ్చి నా తల మీద చెయ్యి వేశారు. "నువ్వేమంటావమ్మా?" అని కూతుర్ని అడిగారు.

ఆమె బండి ఎక్కి, తండ్రి కూర్చునేదాకా ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మెల్లగా నడుపుతాను నాన్నా," అంది, "ఈయన వెనకబడిపోకుండా."