మూడో గీత దగ్గర సలాం

ఆ రన్‌వే మీద మూడో తెల్లగీత దగ్గర దెయ్యం ఉందంటారు. మామూలు మనుషులు అంటే సరే అనుకోవచ్చు. అనేది పైలట్లు! గాలెంత, ఎత్తెంత, ఇంజిన్ వేడెంత అని డయళ్ల మీద పది ముళ్లు చూస్తే తప్ప అడుగు కదపని మేధావులు... మీసాల కెప్టెన్ పేరెత్తితే మాత్రం గొంతు తగ్గించేస్తారు.

వాళ్లు చెప్పిందే చెబుతున్నాను. ఇరవై రెండేళ్ల కిందట, ఓ చలికాలం సాయంత్రం, మీసాల కెప్టెన్ చిన్న విమానంలో దిగుతున్నాడట. చక్రాలు నేలను తాకాయి... మూడో గీత దగ్గర చెయ్యి పైకెత్తాడు... అంతే — విమానం పక్కకి తిరిగి, రెక్క విరిగి, గడ్డిలో పల్టీ కొట్టింది. మనిషి అక్కడికక్కడే పోయాడట. ఆ ఎత్తిన చెయ్యి లోకానికి ఆయన పెట్టిన చివరి సలామట! ఈదురుగాలి వీచే రోజుల్లో ఎడమకాలు ఈడ్చుకుంటూ ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపిస్తుందట.

అప్పట్నుంచి అక్కడ దిగేవాళ్లంతా మూడో గీత రాగానే ఆయనకి తిరిగి సలాం కొడతారు. కొట్టకపోతే నెట్టేస్తాడని భయం. కొట్టినా నెట్టేస్తూనే ఉన్నాడు! పోయిన చలికాలంలోనే మూడు విమానాలు గడ్డిలోకి పోయాయి. ఒకతనికి భుజం ఎముక విరిగింది. "సలాం సరిగ్గా కొట్టి ఉండడు," అని తేల్చేశారు పెద్ద మాస్టారు. ఆ క్లబ్బులో విమానం నడపడం నేర్పేది ఈయనే.

వేసవిలో మాత్రం ఒక్క విమానమూ గడ్డిలోకి పోదు. అప్పుడు దెయ్యం సెలవు పెడుతుందా అని ఒక్కడూ అడగలేదు.

నాకీ గొడవ ఎందుకంటే, మా అమ్మాయి అక్కడే నేర్చుకుంటోంది. మొదటిసారి ఒంటరిగా ఎగరాల్సిన రోజున, షూ లేసులు కట్టుకుంటూ అంది.

"సలాం మర్చిపోకూడదు నాన్నా."

"కొట్టొద్దు."

"మాస్టారే కొడతారు!"

"గాలి లేని రోజు ఎన్ని కొట్టినా ఏం కాదు. ఇవాళ అడ్డగాలి లేవొచ్చు. చక్రాలు తాకాయి కదా అని పని అయిపోదు. విమానం ఆగేదాకా రెక్కల్ని అదుపులో ఉంచే స్టిక్‌ని గాలి వచ్చేవైపు వంచి పట్టుకోవాలి. వదిలావో, గాలి రెక్క కింద దూరి లేపేస్తుంది. ఇంతకీ స్టిక్ ఏ చేత్తో పట్టుకుంటావు? సలాం ఏ చేత్తో కొడతావు?"

తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. "నీకెలా తెలుసు ఇవన్నీ?"

ఇన్నేళ్లూ దాచుకున్నది... సిగ్గు చంపుకుని చెవిలో చెప్పాను. నా మొహంలోకి చూసింది. వెళ్లి కారులో కూర్చుంది.

తను పైకెళ్లినప్పుడు గాలి లేదు. పావుగంటకి ఈదురుగాలి లేచింది. నేనూ మాస్టారూ కంచె దగ్గర నిలబడ్డాం.

విమానం ముక్కు పక్కకి తిప్పుకుని పీతలా దిగుతోంది. గాలి తోస్తోంది... ఆగుతోంది... మళ్లీ తోస్తోంది. చక్రాలు తాకాయి. మొదటి గీత... రెండో గీత... మూడో గీత —

రెక్క కొంచెం లేచింది.

చెయ్యి మాత్రం లేవలేదు. రెక్క మెల్లగా కిందికి వచ్చింది. విమానం తిన్నగా పోయి ఆగింది. నాకు ఏడుపొచ్చేసింది.

మాస్టారి మొహం పాలిపోయింది. "సలాం కొట్టలేదు..." అన్నారు గుసగుసగా. "ఆయనకి కోపం వస్తే?"

"రాలేదు లెండి."

"మీకెలా తెలుసు?"

ఎడమకాలు ఈడ్చుకుంటూ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆ రోజు విరిగిన కాలే అది. ఆసుపత్రి నుంచి వచ్చాక మీసాలు తీసేశాను. ఇవాళ్టిదాకా మళ్లీ ఆ క్లబ్బు గడప తొక్కకపోయేసరికి, నేను పోయాననే అనుకున్నారు.

"గాలే తోసేసిందని అప్పట్లో ఆసుపత్రిలో అందరికీ అబద్ధం చెప్పాను మాస్టారూ. చివరి సలామూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇదే కంచె దగ్గర మా ఆవిడ నిలబడి చూస్తోందని... చెయ్యి ఊపాను."

మాస్టారు అక్కడే గడ్డిలో కూలబడ్డారు.

ఇప్పుడు క్లబ్బులో కొత్త కథ. మీసాల కెప్టెన్ పట్టపగలు కంచె దగ్గరికి వచ్చి మాస్టారితో మాట్లాడాడట... అదీ మీసాల్లేకుండా! పోనీ, సలాం కొట్టడం మానేశారా అంటే, అదీ లేదు.

ఎడమచేత్తో కొడుతున్నారు.