ఖాళీ సీటు బెల్టు

"పొద్దు గుంకగానే పడవ కదులుతుంది. ఈలోగా పెట్టె మన చేతిలో పడాలి," అన్నాడు కల్నల్ సఫ్వత్ ఏజెంట్ వగ్దీతో, చిక్కుడు గింజల కూరలో రొట్టె ముంచుతూ.

పెట్టె అరచేతిలో ఇమిడేంత. అలెగ్జాండ్రియా రేవు రాడార్‌కి ప్రాణమంతా అందులోనే ఉంది. విదేశీ ముఠా దాన్ని కాజేసి, సముద్రం ఒడ్డు కాఫీ హోటల్లో దాచింది. అది సముద్రం దాటితే తీరమంతా కళ్లుండీ గుడ్డిదే. హోటల్లో వెయిటర్ మనవాడే కానీ, వగ్దీ మొహం చూస్తే తప్ప ఇవ్వడు. ముఠా పడవను ఆనవాలు పట్టగలది ఏజెంట్ షహీరా ఒక్కతే. కనుక ఇద్దరూ కలిసి వెళ్లాలి.

ఏజెంట్ వగ్దీ కొన్నేళ్లుగా ఖర్జూరాల వ్యాపారి వేషంలో ఈ ఊళ్లో ఉంటున్నాడు. అసలు పేరుతో పిలిచేది కల్నల్ ఒక్కడే, అదీ తిట్టడానికి. వండుకునేదీ తినేదీ ఒక్కడే. ఈ మధ్యే బిషారా అనే ముసలాయన దగ్గర పాత కారొకటి కొన్నాడు.

షహీరా నల్లకళ్లద్దాలతో, మల్లెల అత్తరుతో వచ్చి, అప్పటికే స్టార్ట్ చేసి ఉన్న కారు తలుపు తీసింది. పక్క సీటు ఖాళీగా ఉన్నా బెల్టు మాత్రం బిగించి ఉంది.

"ఎవర్ని కట్టేశారండీ ఇక్కడ? దెయ్యాన్నా?"

"కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది. విప్పే అవసరం రాలేదు."

ఆమె నవ్వి, బెల్టు విప్పి కూర్చుంది. మళ్లీ పెట్టుకోలేదు. ఈ ఊళ్లో బెల్టు పెట్టుకుంటే డ్రైవర్ని అవమానించినట్టే లెక్క. దారి పొడుగునా ఆమె కబుర్లు చెబుతూనే ఉంది. పక్కన మనిషుంటే దారి ఇంత త్వరగా తరుగుతుందని వగ్దీ మరిచేపోయాడు. సంతోషం వేసింది, ఆ సంతోషానికి కాస్త సిగ్గూ వేసింది.

హోటల్లో కోడ్‌వర్డ్ "ఉప్పు వేసిన టీ". వెయిటర్ చక్కెర డబ్బా అడుగున పెట్టె అందించాడు. తిరిగి కారెక్కేదాకా అంతా సవ్యంగానే జరిగింది.

తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. లైట్లు వెలుగుతున్నాయి, అంటే బ్యాటరీ బాగానే ఉంది. పెట్రోలూ ఉంది. స్టార్టర్ మాత్రం క్లిక్కుమనలేదు. వగ్దీ డాష్‌బోర్డు కింద దూరాడు. కంపెనీ తీగలన్నీ ఒక కట్టగా ఉంటే, పసుపు తీగొకటి గుడ్డటేపు చుట్టుకుని విడిగా పోతోంది. దొంగలు బండి ఎత్తుకుపోకుండా ఎవరో సొంతంగా బిగించిన రహస్య తాళం. కార్పెట్ లేపి చూస్తే ఆ తీగ పక్క సీటు కిందకు పోయింది. బయట ఎండ ఎర్రబడుతోంది.

పెట్టె షహీరా చేతికిచ్చి, ఎదురుగా ఉన్న సిగరెట్ల దుకాణంలోంచి బిషారాకి ఫోన్ చేశాడు.

"అయ్యో నాయనా, నీకు చెప్పనేలేదు," అన్నాడు ముసలాయన. "దొంగ ఒంటరిగా వస్తాడు. నేనెప్పుడూ ఒంటరిగా బయటికెళ్లలేదు. అందుకని మా ఆవిడ ఒడెట్ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంటేనే బండి స్టార్టయ్యేలా బిగించా. ఆవిడ పోయాక ఆ బెల్టు విప్పడానికి నాకు చేతులు రాలేదు."

వగ్దీ తలెత్తి రోడ్డవతలకి చూశాడు. షహీరా స్టీరింగ్ ముందుకి జరిగి, పెట్టె ఒళ్లో పెట్టుకుని తాళం తిప్పుతోంది. ఆమె కల్నల్ దగ్గరా ముఠా దగ్గరా రెండు చోట్లా జీతం తీసుకుంటోందని అప్పుడర్థమైంది.

ఆమె తెలివి తక్కువది కాదు. పసుపు తీగ వెంట చూపు నడిపి, పక్క సీటు బెల్టు బకిల్ దగ్గర ఆగింది. బెల్టు లాగింది. వగ్దీ రోడ్డు దాటి పరిగెత్తాడు. బెల్టు నాలుక బకిల్లో దిగబోతుండగా అతని చెయ్యి అడ్డం పడింది, రెండో చేతిలో పిస్తోలు ఉంది.

"ఈ బండి ఒంటరివాళ్లని తీసుకెళ్లదు, షహీరా," అన్నాడు.

కల్నల్ మనుషులు వచ్చి ఆమెనూ పెట్టెనూ తీసుకుపోయారు. పడవ ఏదో ఆమె చేతే చెప్పించారు. వగ్దీ ఒక్కడే మిగిలాడు. కారులో మల్లెల వాసన ఇంకా పోలేదు. పక్కకి వంగి, ఖాళీ సీటుకి మెల్లగా బెల్టు బిగించి తాళం తిప్పాడు. ఇంజిన్ వెంటనే పలికింది.

ఊరందరి దగ్గరా పేరు దాచుకున్న ఏజెంట్ వగ్దీకి, ఒంటరివాడన్న సంగతి ఇక కారు దగ్గర కూడా దాచాల్సి వచ్చింది.