పాదుషా కిటికీ కింద బండ

కోట తూర్పు గోడకి, పాదుషా కిటికీకి సరిగ్గా కింద, యమున ఒడ్డున ఒక నల్లబండ ఉంది. మా చాకిరేవులో బండలు పదహారు. పదిహేనింటి మీదే బట్ట పడుతుంది. ఆ పదహారోదాన్ని ఎవ్వరం ముట్టుకోం. పిల్లలకి జ్వరమొస్తే ముందు అడిగేది, "ఆ బండ వైపు గాని వెళ్ళావా?" అనే.

పొద్దుగూకాక అక్కడ చప్పుడు. దభ్... దభ్... దభ్... మనిషుండడు, బట్టుండదు. తెల్లారి చూస్తే గోడ మాత్రం నిలువెత్తు తడిసి ఉంటుంది.

ఇది మా అత్త చెప్పింది. అత్తకి వాళ్ళమ్మ షుబ్రాతన్ చెప్పింది. షుబ్రాతన్‌కి ఎవరూ చెప్పలేదు — ఆవిడకే జరిగింది.

అప్పటి పాదుషా బట్టలు షుబ్రాతన్ ఇంటికే వచ్చేవి. ఆవిడ మొగుడు ఖైరాతీ మంచి పొడగరి. తెల్ల గడ్డం, గద్ద ముక్కు. అచ్చం పాదుషా పోలికే. రేవులో వాళ్ళు ఊరుకుంటారా?

"జహాపనా, ఆ చౌడు మట్టి కాస్త ఇటు దయచేయిస్తారా?"

"ఇచ్చాం, పో. జాగీరు కూడా రాసివ్వాలా?" అనేవాడు ఖైరాతీ, బట్ట పిండుతూ.

మా పనిలో ఒక పద్ధతుంది. ప్రతి బట్ట మెడపట్టీ లోపల నల్లజీడి గింజ రసంతో ఆ ఇంటి గుర్తు వేస్తాం. ఎన్ని ఉతుకులైనా పోదు. ఆ గుర్తుంటే బట్ట ఎన్ని చేతులు మారినా తన ఇంటికే చేరుతుంది. ఖైరాతీ ఇంటి గుర్తు మూడు చుక్కలు, కింద ఒక గీత.

ఒకరోజు మధ్యాహ్నం ఖ్వాజా బసంత్ వచ్చాడు. అంతఃపురం కాపలా ఉండే ఖోజాలకి పెద్ద ఆయన. ఖైరాతీని కిందికీ మీదికీ చూసి, "రా, పనుంది" అన్నాడు.

"ఎన్నాళ్ళు హుజూర్?" అంది షుబ్రాతన్.

"పనయ్యేదాకా."

వెళ్ళినవాడు వెళ్ళినట్టే.

పాదుషాకి జబ్బని అప్పటికే ఊరంతా తెలుసు. రోజూ పొద్దున్నే ఆయన కిటికీలో కనబడి చెయ్యెత్తితేనే జనం నోట్లో ముద్ద పెట్టుకునేవాళ్ళు. కనబడలేదా, పోయాడనే అర్థం. మూడు రోజులు కనబడలేదు. అంగళ్ళు మూశారు. దోపిడీలు మొదలయ్యాయి. కొడుకులు కత్తులు దూశారు. నడిపి షాజాదా దక్షిణాన దండు కదిలించి, దారిలో తమ్ముణ్ణి విందుకి పిలిచి, కళ్ళలో కాల్చిన సూదులు దింపించాడు. పెద్దవాడు కోటలోనే కూర్చుని తండ్రి పేరు మీద ఏలుతున్నాడు.

ఊళ్ళో మాత్రం నాలుగో రోజే కిటికీలో పాదుషా కనిపించాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

వారం తర్వాత కోటనుంచి మైల మూట వచ్చింది. పాదుషా బట్టలు షుబ్రాతన్ ఇరవయ్యేళ్ళు ఉతికింది. ఆయన చెమట ఆవిడకి తెలుసు... గులాబీ అత్తరు, నల్లమందు, మోకాలికి రాసే నూనె. ఆ రోజు ఆయన పైన తొడిగే అంగరఖా ఎత్తింది. ఆగిపోయింది. చంక దగ్గర ముక్కు పెట్టింది.

చౌడు మట్టి. పొగాకు. పాతికేళ్ళు తన పక్కన పడుకున్న మనిషి చెమట.

పక్కింటి నసీబన్ చూసి పకపకా నవ్వింది. "ఏంటొదినా, పాదుషా చంకలో ముక్కు పెట్టావు? మొగుడు లేక అంత బెంగగా ఉందా?"

షుబ్రాతన్ అంగరఖాని మూట అడుక్కి తోసేసింది.

మర్నాడు చీకటితోనే వెళ్ళి జనంలో నిలబడింది. తెర లేచింది. జరీ తలపాగా, ముత్యాల దండలు. పాదుషా చెయ్యెత్తాడు... ఆ చూపుడు వేలు వంకర. బండకీ బట్టకీ మధ్య చిన్నప్పుడు నలిగిన వేలు. అందరి కోసం ఒకసారి ఎత్తాడు. కిందికి చూసి, ఆవిడ కోసం రెండోసారి ఎత్తాడు.

"జహాపనా సలామత్!" అని జనం అరిచారు. షుబ్రాతన్ కూడా అరిచింది. నోరు జారితే మొగుడి తల పోతుంది.

అలా నెల రోజులు మొగుణ్ణి దూరంనుంచి చూసుకుంది. పనవుతుంది, ఇంటికొస్తాడు... అదొక్కటే ఆశ.

నడిపివాడు యుద్ధం గెలిచాడు. అన్న తల నరికి, పళ్ళెంలో పెట్టి, పట్టుగుడ్డ కప్పి తండ్రికి పంపాడు. ఆ గుడ్డ కూడా ఉతుక్కే వచ్చింది. ఎండిన నెత్తురు పెంకులు పెంకులుగా ఊడింది. ఆ సాయంత్రమే నడిపివాడికి కోట తలుపులు తెరిచారు.

రాత్రి షుబ్రాతన్ తలుపు తట్టారు. ఖ్వాజా బసంత్. చేతిలో మూట. మూట కింద... చుక్క, చుక్క.

"తెల్లారేలోపు నెత్తురు పోవాలి. చిరుగులు దర్జీ కుడతాడు. పాదుషా జ్వరంతో పోయాడని చాటింపు వేస్తున్నారు. శవానికి చుట్టే కఫన్ మీద దీన్ని కప్పే పాతిపెట్టాలి."

"ఎవరిని హుజూర్?"

ఆయన మూట గడప మీద పెట్టాడు.

"నా మొగుణ్ణా?"

ఖ్వాజా గోడకి చేరబడిపోయాడు. గుసగుసగా చెప్పాడు. నాన్నగారి పాదాలకి ముద్దు పెట్టుకుంటానని నడిపి షాజాదా ఒక్కడే గదిలోకి వెళ్ళాడట. లోపల దీపం లేదు. గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచి, ఎదలో ఏడు పోట్లు పొడిచాడు. ఆ తర్వాత ఖ్వాజాని దీపం తెమ్మన్నాడు. ముఖం చూశాడు.

"వీడెవడు?"

"చాకలి, హుజూర్. తమ తండ్రిగారు పోయి నలభై రోజులైంది. కబురు పొక్కకూడదని పెద్ద షాజాదా ఆయన శవం మెడకి రాయి కట్టించి, ఆ కిటికీలోంచే నదిలోకి దింపించారు."

షాజాదా నవ్వాడట. "అయితే నేను తండ్రిని చంపలేదన్నమాట! బతికాను. ఈ ముసలాణ్ణే నాన్నగారి గోరీలో పెట్టండి."

షుబ్రాతన్ ఏడవలేదు. మూట తీసుకుని రేవుకి నడిచింది. తన బండ దగ్గర సిపాయిలు తాగి పడున్నారు. కిటికీ కింది బండే ఖాళీ. అంగరఖా నీళ్ళలో ముంచింది. నీళ్ళు నల్లబడ్డాయి. తీసి భుజం మీదికి ఎత్తింది — కొట్టలేకపోయింది. దాన్ని బండకేసి కొట్టడమంటే... అతన్ని కొట్టడమే.

అప్పుడు నీళ్ళలోంచి ఒక చెయ్యి వచ్చింది.

"ఇటివ్వు బిడ్డా. ఇది నా కొడుకు చేసిన మైల."

నడుంలోతు నీళ్ళలో ముసలాయన. అదే గడ్డం, అదే ముక్కు. మెడకి తాడు, తాడుకి రాయి. కళ్ళున్న చోట కళ్ళు లేవు — చేపలు తినేశాయి. అంగరఖా లాక్కున్నాడు. దభ్... దభ్... కొట్టినప్పుడల్లా మెడరాయి ఎదకి కొట్టుకుంటోంది. నెత్తురు గోడ మీదికి చిమ్ముతోంది. చిమ్మీ చిమ్మీ... బట్ట మల్లెపువ్వులా తెల్లబడింది.

షుబ్రాతన్ దాన్ని అందుకుని, కొంగుముడిలోంచి నల్లజీడి గింజ, సూది తీసింది. మెడపట్టీ లోపల మూడు చుక్కలు పెట్టింది. కింద ఒక గీత. ప్రళయం రోజున గోరీలన్నీ తెరుచుకుంటాయి. ఎవరి మనిషిని ఎవరింటికి పంపాలో దేవదూతలకి తెలియొద్దూ?

"నాకూ ఒక గుర్తు వెయ్యి" అన్నాడు ముసలాయన. "నా గోరీలో నీవాడుంటాడు. నేనెవరింటివాణ్ణో ఆ రోజు ఎవరు చెబుతారు?"

షుబ్రాతన్ అప్పుడు తలెత్తింది.

"మీ ఇంటి గుర్తు మీకుందిగా హుజూర్. ఆ ఏడు పోట్లే. మీరు మీ అన్నల మీద వేసి గద్దెక్కారు. మీ కొడుకు నా మొగుడి మీద వేశాడు. దాన్ని ఎంత ఉతికినా పోదు."

ముసలాయన మెల్లగా నీళ్ళలోకి దిగిపోయాడు. ఆ మర్నాటి రాత్రి నుంచే చప్పుడు మొదలైంది.

ఖైరాతీని పాలరాతి గుమ్మటం కింద పెట్టారు. నలభైమంది హాఫిజులు ఇప్పటికీ అక్కడ ఖురాన్ చదువుతారు. షుబ్రాతన్ బతికినన్నాళ్ళూ ప్రతి శుక్రవారం వెళ్ళి గడప మీద జొన్నరొట్టె, ఉల్లిపాయ పెట్టి వచ్చేది.

"ఏం అవ్వా, పాదుషాకి ఉల్లిపాయా?" అని కాపలావాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఆయనకి ఇష్టం నాయనా" అనేది.

ఇప్పుడు గద్దె మీదున్నది ఆ నడిపి షాజాదా మనవడు. ఆయనకి ఇద్దరు కొడుకులు. బట్టలు ఇప్పటికీ మా ఇంటికే వస్తాయి.

నిన్న మూట విప్పాను. చిన్న షాజాదా అంగరఖా. తొమ్మిదేళ్ళవాడు. ఎదమీద ఏడు మచ్చలు... చిరుగు లేదు, నెత్తురు వాసన లేదు, నల్లజీడి మచ్చల్లా ఉన్నాయి. చౌడులో మూడుసార్లు ఉడకేశాను. పోలేదు.

బిడ్డకేం కాలేదు. ఇవాళ పొద్దున కోట మిద్దె మీద పావురాలు ఎగరేస్తుంటే నా కళ్ళతో చూశాను. వెనకాలే వాళ్ళన్న, తమ్ముడి భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు.

ఆ అన్న అంగరఖా కూడా అదే మూటలో ఉంది. అది శుభ్రంగానే ఉంది... కుడిచేతి అంచు తప్ప.