తనింట్లోనే పుట్టిన తాళంచెవి

“సరిగ్గా ఆరింటికి విదేశీ ముఠా దొంగ సందేశం పంపుతుంది. మన రక్షణ నౌక ఉత్తరానికి మళ్ళిపోతుంది,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముంగిస గోడమీది మ్యాపు వైపు తిరిగింది. తుఫానులో దక్షిణాన చిక్కుకున్న పడవలో ఆమె బాబాయి ఉన్నాడు.

“నౌకకు సందేశాలు చేరవేసే అమెచ్యూర్ రేడియో వాళ్ళ నెట్‌వర్క్‌కి వీపీఎన్ రక్షణ ఉందిగా!”

“దాని రహస్య కీలు ఎవరో కాజేశారు.”

“నేను రాసిచ్చిన సులువైన సెటప్ ఏమైంది సార్?”

“మరీ సులువుగా ఉంది. భద్రతలా కనిపించలేదు. అందరికీ ఆఫీసు మాన్యువలే పంపాం.”

ఆమె తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

యాంటెన్నా మెకానిక్ వేషంలో, నెట్‌వర్క్ కంట్రోల్ స్టేషన్‌కు చేరింది. అంటే పిన్ని ఇంటికే.

“ఆ మీసమేంటే, చీపురుపుల్లల్లా?” గుమ్మంలోనే గుసగుసలాడింది పిన్ని.

“పిన్నీ, కీ నువ్వే చేసుకున్నావా?”

“మీ మాన్యువల్‌తోనా? చదివితే తల తిరిగింది! ఎవరికీ చేతకాలేదు. మీ ఆఫీసు పంపిన ట్రైనర్, ఆ పగడం, ‘మీకెందుకాంటీ శ్రమ’ అని అందరికీ తనే చేసిచ్చింది. లోపలే ఉంది.”

“ప్రైవేట్ కీ అంటే ఎవరికీ ఇవ్వకూడని తాళంచెవి. ఆమె చేస్తే నకలు ఆమె దగ్గరే ఉంటుంది!”

రేడియో గదిలో పగడం అద్దం ముందు లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. ముంగిస దాన్ని లాక్కుంది. అడుగున యూఎస్‌బీ డ్రైవ్ మూతి.

పగడం నవ్వింది. “ఆలస్యమైంది. కీలన్నీ మావాళ్ళకు చేరిపోయాయి.”

“ఉంచుకోమను. తాళాలే మారుస్తా.”

యాంటెన్నా కేబుల్‌తో ఆమె చేతులు కట్టేసి, ముంగిస తన ప్రోగ్రామ్‌ను స్టేషన్లన్నిటికీ పంపింది. ఒకే బటన్. ప్రైవేట్ కీ ఎవరిది వాళ్ళ కంప్యూటర్లోనే పుట్టి అక్కడే ఉంటుంది; బయటికొచ్చేది అందరికీ ఇవ్వదగ్గ పబ్లిక్ కీ మాత్రమే.

“నొక్కింది మనవాళ్ళేనని ఎలా తెలుస్తుందే?”

“ఆ పబ్లిక్ కీకి గుర్తుగా తెరమీద వచ్చే మాటలు మైకులో చదవమను. ఊరంతా విన్నా నష్టం లేదు. మాటలు నేను సరిచూస్తా, గొంతు నువ్వు గుర్తుపట్టు.”

పిన్ని మైకు అందుకుంది. “చదవండర్రా! ...బార్బర్ అన్నయ్య, సరే. టీచరమ్మ, సరే. ఎవరది? జలుబు చేసిన డ్రైవరా? సరే!”

ఆఖరి గొంతు ముగిసింది. ముంగిస పాత కీలన్నీ రద్దు చేసింది. గడియారం ఆరు కొట్టింది.

తెరమీద ఒక సందేశం తలుపు తట్టింది. ‘చెల్లని కీ. తిరస్కరించాం.’

ఎంతసేపటికో రేడియో గరగరలాడింది. “ఏమేవ్! నౌక కనబడుతోంది!”

బాబాయి గొంతే. పిన్ని కళ్ళు తుడుచుకుని, ముంగిస వైపు కోపంగా తిరిగింది.

“మీ చీఫ్‌ను ఒకసారి ఇటు పంపు. ఆ మాన్యువల్ ప్రకారం నా ఎదుట ఒక్క కీ చేసి చూపిస్తే, ఆ మీసం నేను పెట్టుకుంటా!”