ఏ ఊరి లెక్కలోనూ లేని బిడ్డ

"ఆ బోర్డు దింపొద్దు బాబూ! వెనక్కి తీసుకెళ్ళిపో!"

గేటు దగ్గరే ఆటో ట్రాలీని ఆపేసింది కావేరి. తెల్లటి రేకు మీద ఎర్రటి అక్షరాలు... 'కావేరి నర్సింగ్ హోమ్, శంషాబాద్'! సామాను పెట్టుకోవడానికని భర్త కింది వాటాలో గోడలు లేపిస్తే నిజమేననుకుంది పిచ్చిది! ముహూర్తం కూడా పెట్టించేశారట. కాలేజీలో రాజీనామా ఇచ్చి రావడమొక్కటే ఆమె వంతుకు మిగిల్చారన్నమాట!

"అరవకు కావేరీ, నలుగురూ చూస్తున్నారు," అన్నాడు భర్త ఉదయభాస్కర్. "ఎయిర్‌పోర్టు వచ్చాక ఇక్కడ జనం ఎంత పెరిగారో చూశావుగా. ఇంత చదువు చదివి, వైద్య కళాశాలలో ప్రొఫెసరువై, రోజంతా కంప్యూటర్లో అంకెలు చూస్తూ కూర్చుంటావా?"

"చూడాల్సినవి ఉన్నాయి కనకే చూస్తున్నానండీ!"

పెళ్ళయినప్పటి నుంచీ కావేరి ఈ మాట పడుతూనే ఉంది. ఊళ్ళలోని ఆరోగ్య వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ ఆపద ఎవరికి, ఎందుకు వస్తోందో వెదకడం ఆమె పరిశోధన. స్టెతస్కోపు పెట్టని డాక్టర్ని డాక్టరని ఎవరొప్పుకుంటారు చెప్పండి! పక్కింటావిడ జలుబుకు మాత్ర అడగడానికి మాత్రం పనికొచ్చేది. అయినా కావేరి ఆ పని వదల్లేదు. ఆ ఏడు, అంటే 2012లో, శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళ గర్భిణుల వివరాలు చూస్తుంటే ఆమె గుండె ఝల్లుమంది. తొలిచూలు అమ్మాయిలు ఏడో నెల దాటగానే జాబితాలోంచి మాయమైపోతున్నారు! అత్తవారి ఊళ్ళో నర్సు 'పురిటికి పుట్టింటికి వెళ్ళింది' అని వదిలేస్తోంది. పుట్టింటి ఊళ్ళో నర్సు 'మా ఊరి మనిషి కాదు' అని పట్టించుకోవడం లేదు. మధ్యలో ఆ పిల్ల ప్రాణం పోతే... ఏ ఊరి లెక్కలోకీ రాదు! పై అధికారులేమో ఇక్కడ కాన్పుల్లో చావులే లేవని సంబరపడుతున్నారు. రెండు ఊళ్ళ వివరాలూ కలిపి అలా పోయిన పిల్లలెవరో కావేరి పట్టుకుంది. కానీ ఏం జరిగిందో కన్నతల్లులే చెప్పాలి కదా! వాళ్ళు నోరు విప్పడం లేదు. పాల్మాకుల ఊళ్ళో లింగమ్మయితే ముఖం మీదే తలుపేసింది. ఒక్క తల్లయినా చెప్పకపోతే ఈ పని ఇక మానుకోమని కాలేజీలో తేల్చేశారు.

"పిల్లను పోగొట్టుకున్న తల్లి దగ్గరికెళ్ళి, ఎలా పోయిందమ్మా అని అడగడం కూడా ఒక ఉద్యోగమేనా!" అంది లోపల్నుంచి వచ్చిన అత్తగారు జ్ఞానప్రసూనాంబ. "ఆ బాధ నీకేం తెలుసే! మా సాహితి పోయి ఇన్నేళ్ళయింది... నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పుకోలేదు!"

ఉదయభాస్కర్ తల వంచుకున్నాడు. సాహితి అతని చెల్లెలు. కావేరి కాపురానికి రాకముందే తొలికాన్పులో పోయింది. ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తరు.

కావేరి అత్తగారిని మెల్లగా గుమ్మం మెట్టు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. "నేను అడుగుతున్నాను అత్తయ్యా. చెప్పండి."

"ఏం చెప్పను తల్లీ! తెనాలిలో వాళ్ళత్తగారు అక్కడే పురుడు పోస్తామన్నారు. తొలికాన్పు మాదేనని నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. అప్పుడు బుద్వేల్‌లో ఉండేవాళ్ళం. కాళ్ళు వాచాయి... మామూలేననుకున్నాను. ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి... నా బిడ్డను నేనే చంపుకున్నానమ్మా!"

"తెనాలిలో బీపీ చూసేవారా?"

"చూసేవారట. పెరుగుతోందన్నారట... ఆ సంగతి అంతా అయిపోయాక తెలిసింది."

కావేరి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మీరు తీసుకురావడం తప్పు కాదు అత్తయ్యా! పిల్ల వచ్చింది, పిల్ల సంగతి రాలేదు. ఇక్కడి డాక్టరుకు ముందే తెలిసుంటే ఏదో ఒకటి చేసేవారు. లింగమ్మ కూతురికీ ఇదే జరిగిందేమోనని నా అనుమానం. అది తేలితే, పురిటికెళ్ళే ప్రతి పిల్ల వివరాలూ ఆమె కంటే ముందే పుట్టింటి ఊరు చేరేలా చేయమని పైవాళ్ళను అడగగలను. నర్సింగ్ హోములో కూర్చుంటే నా దగ్గరకొచ్చిన వాళ్ళనే చూస్తాను. రాకుండానే పోయేవాళ్ళను ఎవరు చూస్తారు? మీరు కోప్పడినా, మీ అబ్బాయి మాట్లాడటం మానేసినా సరే... ఈ పని నేను వదలను!"

జ్ఞానప్రసూనాంబ భోరుమంది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

మర్నాడు ఉదయం కావేరి బయల్దేరేసరికి అత్తగారు చీర మార్చుకుని గేటు దగ్గర నిలబడి ఉంది!

"ఆ లింగమ్మ దగ్గరికి నేనూ వస్తాను. ఒరేయ్ భాస్కరం, ఆ కింది వాటా వేరే డాక్టరెవరికైనా కిరాయికిచ్చుకో. ముందు కారు తియ్యి!"

ఉదయభాస్కర్ భార్య వంక చూశాడు. "క్షమించు కావేరీ," అన్నాడు మెల్లగా. తాళాలు తీసుకున్నాడు.

వాకిట్లో వీళ్ళను చూడగానే లింగమ్మ ముఖం మాడ్చుకుంది. "ఏంది డాక్టరమ్మా, మల్ల వచ్చిన్రా? అడిగితే నా బిడ్డ తిరిగొస్తదా? గిట్ల ఎందుకు పరేషాన్ చేస్తున్రు మమ్ముల?"

"నేను డాక్టర్ని కాదమ్మా," అంది జ్ఞానప్రసూనాంబ. "నా కూతురు కూడా పురిటికొచ్చి నా కళ్ళ ముందే పోయింది..."

మూయబోయిన తలుపును లింగమ్మ మళ్ళీ తెరిచింది.

"పేరేంది బిడ్డది?"

"సాహితి."

"మా పిల్ల స్వరూప... లోపటికి రా అక్కా."

చాప మీద ఇద్దరు తల్లులూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. "తలకాయ నొస్తుందన్నది. కాళ్ళు ఉబ్బినయ్. దవాఖానకు తీస్కపోతే, బీపీ రాసిన చిట్టి ఏదన్నరు. అది అత్తగారింట్లనే ఉండిపాయె..." పైనుంచి విమానం దిగుతుంటే లింగమ్మ ఆగి, చప్పుడు పోయాక మళ్ళీ అందుకుంది. కావేరి ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తోంది కానీ కళ్ళు మసకబారుతున్నాయి.

"కావేరీ... మా సాహితిని కూడా అందులో వేస్తావా అమ్మా?"

కావేరి తలెత్తి అత్తగారిని చూసింది. ఊ అంటే ఈ తల్లి ఎంత సంతోషిస్తుందో! కానీ...

"వెయ్యలేను అత్తయ్యా. ఇది ఈ ఊళ్ళలో, ఈ రెండేళ్ళలో జరిగినవాటికే. ఒక్కటి తెలిసి తప్పుగా వేస్తే మిగతావేవీ నమ్మరు."

జ్ఞానప్రసూనాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లింగమ్మ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"పోనీలే. స్వరూపది సరిగ్గా రాయి... అవునూ, వాపులు ఏ నెలలో మొదలయ్యాయో నువ్వడగలేదేం?"